దీపకాంతియు ముఖకాంతియు

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



వయసు మీరిన కొలదిని ముఖమున ముడుతలు పడుటయు, చర్మము సడలుటయు, చెక్కిళ్ళపై మచ్చలు తేలుటయు ప్రకృతి ధర్మములని అందరును ఒప్పుకొందురు. ఒప్పుకొని ఊరకుండువారు మాత్రము అరుదు. తెలుగు ఇండ్లలో ఇందుకై తరతరములుగా వాడుచు వచ్చిన సామగ్రి సెనగపిండి, పసుపు, మీగడ. పండుగనాడు తలంటికి ముందు నలుగు పెట్టుకొనుటతో ఆ విద్య ముగిసెడిది. ఇటీవల ఆ గిన్నెల సరసన ఒక దీపము వచ్చి చేరినది. దాని పేరు ఎల్.ఇ.డి. మాస్కు.

ఒక ఇంటిని ఊహింపవచ్చును. రాజధానిలో ఒక ప్రభుత్వపు క్వార్టరు. ఇల్లాలికి ఏబది ఏండ్లు దాటినవి; ఆమెయు ఒక మంత్రిత్వ శాఖలో ఉద్యోగినియే. అమెరికాలో నున్న కుమార్తె పుట్టినరోజు కానుకగా ఒక పెట్టెను పంపినది. అందులో తెల్లని ముఖపు తొడుగు, దాని లోపలివైపున వరుసలు వరుసలుగా చిన్న చిన్న దీపములు. రాత్రి భోజనములైన పిమ్మట ఆమె దానిని తొడిగికొని మీట నొక్కగా గది యంతయు ఎఱ్ఱబారినది. భర్త చేతిలోని పత్రికను దించి చూచి, “ఏమిటీ వేషం? ఏ ఊళ్ళో భాగవతం?” అని నవ్వెను. ఆమె నవ్వలేదు. కుమార్తెకు ఫోను చేసి ఒక్కటే మాట అడిగినది: “ఇది నిజంగా పనిచేస్తుందిటే, లేక డబ్బు దండుగా?”

ఆ ప్రశ్న చులకన చేయదగినది కాదు. ఇట్టి పరికరముల వెల కొన్ని వేల రూపాయల నుండి పదుల వేల వరకు ఉన్నది. నెల జీతముపై నడచు సంసారమునకు అది చిన్న మొత్తము కాదు. అంతకుమించి, దీపము నుంచవలసినది ముఖముపైన, కన్నులకు అంగుళము దూరమున. కావున జవాబు ప్రకటనలలో గాక పరీక్షలలో వెదకవలెను.

కాంతి ఔషధమగునను మాట కల్పన కాదు. బొల్లిమచ్చలకు బావంచి గింజలను వాడి రోగిని ఎండలో కూర్చుండబెట్టుట ఈ దేశపు ప్రాచీన వైద్యము. ఆ గింజలలోని సొరాలెన్ అను పదార్థము సూర్యకాంతి తోడైనప్పుడే చర్మముపై పనిచేయునని ఆధునిక శాస్త్రము తరువాత తేల్చినది. డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ 1896లో కోపెన్‌హాగెన్ నగరమున ప్రకాశ చికిత్సాలయమును స్థాపించి, ముఖమును కొరికి తినివేయు చర్మక్షయను కేంద్రీకరించిన కిరణములతో నయము చేసి, 1903లో నోబెల్ బహుమానము నందెను. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు ముదిరినచో నీలికాంతి క్రింద పరుండబెట్టుట నేడు ఆసుపత్రులలో అందరును చూచుచున్నదే. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు ఆసుపత్రిలో ఒక నర్సు శిశువులను ఎండలోనికి తీసికొనిపోవుచుండుటయు, ఎండ తగిలినచోట పచ్చదనము విరుగుటయు గమనించిన వైద్యులు 1958లో ఆ చికిత్సను లోకమునకు ప్రకటించిరి.

ఐతే ఆ ఫిన్సెన్ మహాశయుడే మరియొక మాటయు చెప్పియున్నాడు. మశూచి రోగిని ఎఱ్ఱని తెరలు కట్టిన గదిలో నుంచినచో ముఖమున స్ఫోటకపు గుంటలు పడవని 1893లో ఆయన వాదించెను. ఆ వాదము నిలువలేదు. ఒకే వైద్యుని రెండు మాటలలో ఒకటి నోబెల్ బహుమానమునకు చేరినది, రెండవది మరుగున పడినది. ఎఱ్ఱకాంతికి ముఖమును కాపాడు శక్తి కలదని ఎవరు చెప్పినను ఈ రెండవ మాటను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది.

నేటి మాస్కు కథ బుడాపెస్టులో మొదలైనది. 1967లో ఎండ్రే మెస్టర్ అను వైద్యుడు, అప్పటికి కొత్తగా వచ్చియున్న రూబీ లేజరు వలన కాన్సరు కలుగునా యని తెలిసికొనగోరి, ఎలుకల వీపున రోమములు గొరిగి బలహీనమైన ఎఱ్ఱ కిరణమును ప్రసరింపజేసెను. కాన్సరు రాలేదు. గొరిగినచోట రోమములు మాత్రము కిరణము సోకని ఎలుకల కంటె త్వరగా మొలిచినవి. వెదకినది ఒకటి, దొరికినది మరియొకటి. తరువాత 1990వ దశాబ్దమున అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా, అంతరిక్షమున మొక్కలు పెంచుటకై ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపములను పరీక్షించుచుండగా, అవి గాయములు మానుటకు ఉపకరించునేమో యను విచారణ బయలుదేరినది. ఖరీదైన లేజరుకు బదులు ఈ చిన్న దీపములే చాలునని తోచుటతో, చికిత్స ఆసుపత్రి గడప దాటి ఇంటిదారి పట్టినది.

ఇది ఎట్లు పనిచేయునో కొంచెము వివరింపవలసి యున్నది. ముఖచర్మమునకు పలుచని పైపొరయు, దాని క్రింద దళసరియైన లోపొరయు కలవు. లోపొరకు బిగువు నిచ్చునది కొల్లాజెన్ అను మాంసకృత్తు. దానిని నేయు సాలీలు ఫైబ్రోబ్లాస్టులు అను కణములు. వయసుతో నేత మందగించును. ఎండ సోకినప్పుడెల్ల, నేసినదానిని కత్తిరించు ఎంజైములు చర్మమునందే పుట్టును. నేత తగ్గి కోత పెరిగినప్పుడు వస్త్రము చివుకుట సహజము. ముడుత యన్నది ఆ చివుకే. 630 మొదలు 660 నానోమీటర్ల వరకు నుండు ఎఱ్ఱకాంతియు, 830 ప్రాంతమున నుండి కంటికి కనబడని పరారుణ కాంతియు పైపొరను దాటి ఈ సాలీల మగ్గము వరకు పోగలవు. కణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలందు సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను ఎంజైము కలదు; అది ఈ కాంతిని గ్రహించి చురుకు తెచ్చుకొనునని, అందుచే నేత తిరిగి సాగునని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయము. ఇది ఇంకను అభిప్రాయమే. దీనిని కాదనువారును కలరు.

ఒక విషయము మాత్రము ప్రయోగములలో పదేపదే కనబడినది. కాంతి మోతాదు తక్కువైనచో ఫలము లేదు, మితిమీరినచో కలిగిన ఫలమును పోవును. కూరలో ఉప్పు వంటిదే. మోతాదును లెక్కించుట కష్టము కాదు. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్ల కాంతి నిచ్చు మాస్కును 10 నిమిషములు ధరించినచో ఆ మేరకు చర్మమునకు 18 జౌళ్ళ శక్తి చేరును. కాంతి 3 మిల్లీవాట్లే యైనచో అంత శక్తి చేరుటకు 100 నిమిషములు పట్టును. అంతసేపు తొడిగికొని కూర్చుండగల ఓపిక ఏ ఇల్లాలికిని ఉండదు. చవకరకపు మాస్కుల పెట్టెపై దీపములెన్నియో పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. ఈ మిల్లీవాట్ల అంకె మాత్రము తరచుగా కనబడదు. కొనువారు మొదట అడుగవలసినది దానినే.

ఇక పరీక్షల సంగతి. కొరియాలో 76 మందిపై జరిగిన ఒక పరీక్ష 2007లో ప్రకటింపబడినది. ప్రతివారి ముఖమున ఒక సగమునకు మాత్రమే చికిత్స చేసిరి. రెండవ సగము పోల్చి చూచుటకు. 633, 830 నానోమీటర్ల కాంతులతో వారమునకు రెండుసార్లు, నాలుగు వారములు చికిత్స జరిగినది. ముడుతలు గరిష్ఠముగా 36 శాతము తగ్గినవని, చర్మపు సాగుగుణము గరిష్ఠముగా 19 శాతము పెరిగినదని కొలిచిరి. ఈ ‘గరిష్ఠముగా’ అను మాటను ప్రకటనకారులు మింగివేసి అంకెను మాత్రము మిగుల్చుకొందురు. జర్మనీలో 136 మందిపై జరిగి 2014లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలోను చర్మపు నునుపు, కొల్లాజెన్ సాంద్రత మెరుగుపడినట్లు తేలినది; కాని అందు పోలికకై ఉంచిన 23 మందికి ఏ దీపమును చూపలేదు గనుక, చికిత్స పొందితిమను నమ్మకము చేయు మేలును విడదీయుటకు వీలు లేకపోయినది.

ఈ రెండును ఇంటి మాస్కులతో జరిగినవి కావు, పెద్ద దీపములతో జరిగినవి. ఇంటి మాస్కులపై జరిగిన పరీక్షలు సాధారణముగా కొద్దిమందితో జరిగినవి. వ్యయము పలుమార్లు తయారీదారులదే. కావున ఇల్లాలి ప్రశ్నకు న్యాయమైన జవాబు ఇది: తగిన తరంగదైర్ఘ్యము, తగిన మోతాదు, వారములు తరబడి విడువని అభ్యాసము ఉన్నచో సన్నని ముడుతలు కొంత నునుపెక్కవచ్చును. లోతైన ముడుత పోదు. జారిన చెక్కిలి లేవదు. మానివేసిన తరువాత వయసు తన పని తాను చేసికొనిపోవుచునే యుండును.

పెట్టెపై నుండు మరియొక మాటను గూర్చి ఒక ముక్క. అమెరికా ఆహార, ఔషధ శాఖ ‘క్లియర్’ చేసినదని పలు మాస్కులపై వ్రాసియుండును. అంతకుముందే మార్కెట్టులో నున్న ఒక పరికరమునకు ఇది సాటి యని, భద్రతలో దానికి తీసిపోదని ఆ శాఖ అంగీకరించినదని మాత్రమే దాని అర్థము. ప్రభుత్వోద్యోగులకు ఈ భేదమును వివరింప నక్కరలేదు. ఫైలుపై ‘అభ్యంతరము లేదు’ అని వ్రాయుట వేరు, ‘సిఫారసు చేయుచున్నాము’ అని వ్రాయుట వేరు.

ఇంతవరకు చెప్పినది ముడుతల సంగతి. తెలుగువారి ముఖమున వయసు మొదట వ్రాయు సంతకము ముడుత కాదు. చామనచాయ చర్మమున మెలనిన్ అను వర్ణద్రవ్యము హెచ్చుగా నుండి సూర్యకిరణములను కొంతవరకు అడ్డుకొనును గనుక, ఐరోపావారి కంటె ముడుతలు ఆలస్యముగా వచ్చును. దానికి బదులు ఆ మెలనినే అదుపు తప్పి చెక్కిళ్ళపై మంగుగా, కణతలపై మచ్చలుగా, నోటిచుట్టు నలుపుగా పేరుకొనును. నలువది దాటిన స్త్రీలు చర్మవైద్యుల వద్ద మొరపెట్టుకొనునది ఎక్కువగా దీనిని గూర్చియే. ముడుతకై తయారైన దీపము మంగుకు మందు కానేరదు. రోగము ఒకటి, మందు మరొకటి యగు ప్రమాదము ఇచటనే యున్నది.

ప్రమాదము అంతటితో ఆగదు. చాల మాస్కులలో ఎఱ్ఱ దీపముతో పాటు నీలి, ఆకుపచ్చ, ఊదా మొదలగు రంగులకు వేరువేరు మీట లుండును. ఏడు రంగులు కలవని గొప్పగా చెప్పుకొందురు. నీలికాంతి మొటిమల సూక్ష్మజీవులను చంపుటకు పనికివచ్చుమాట నిజమే. కాని కంటికి కనబడు కాంతియే చామనచాయ, నల్లని చర్మములను ఇంకను నల్లబరచునని, అదే కాంతి తెల్లని చర్మముపై అట్టి మార్పును తేలేదని అమెరికాలోని డెట్రాయిట్ నగరపు పరిశోధకులు 2010లో చూపిరి. ఏ రంగు కాంతి ఈ పని చేయుచున్నదని ఫ్రాన్సులో పరీక్షింపగా, 415 నానోమీటర్ల నీలి-ఊదా కాంతి వారములు తరబడి నిలుచు నలుపును కలిగించినది. 630 నానోమీటర్ల ఎఱ్ఱకాంతి కలిగింపలేదు. ఆ ఫలితములు 2014లో వెలువడినవి. కనుక మంగు ఉన్న స్త్రీ, పెట్టెలోని కాగితముపై ‘కాంతివంతమైన ముఖమునకు’ అని వ్రాసియున్నది గదా యని నీలి మీట నొక్కినచో, డబ్బిచ్చి మచ్చను కొని తెచ్చుకొన్నట్లే. ఎఱ్ఱకాంతియందును పరికరము వేడెక్కునట్టిదైనచో జాగ్రత్త అవసరము. వేడిమి మంగును రెచ్చగొట్టునని చర్మవైద్యులు హెచ్చరించుచున్నారు. గంటలకొలది పొయ్యి ఎదుట నిలుచువారికి ఈ మాట రెండు విధముల వర్తించును.

కన్నుల మాటయు చెప్పవలెను. రెప్పలు మూసికొన్నను ఎఱ్ఱకాంతి వానిని దాటి లోనికి పోవును. పట్టపగలు కన్ను మూసికొని సూర్యునివైపు తిరిగినవారికి ఇది తెలిసినదే. అమెరికాలో విరివిగా అమ్ముడుపోయిన ఒక మొటిమల మాస్కును, కొన్ని నేత్రవ్యాధులు కలవారికిని, కాంతిని సహింపనీయని మందులు వాడువారికిని కన్ను చెడు అవకాశమున్నదను శంకతో 2019లో తయారీదారులే వెనుకకు తీసికొనిరి. కంటి తెర వ్యాధి కలవారు, లూపస్ కలవారు, డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు మ్రింగుచున్నవారు, మూర్ఛ కలవారు వైద్యుని అడుగక ఈ పరికరమును ముట్టరాదు. తక్కినవారును కన్నులకు అడ్డు లేని మాస్కును కొనకుండుట మేలు.

ఇప్పుడు అసలైన దీపము వద్దకు రావలెను. దానికి మీట లేదు, కరెంటు బిల్లు లేదు. ప్రతి ఉదయము తూర్పున వెలుగును. 2012లో అమెరికా వైద్యపత్రిక యొకటి 69 ఏండ్ల ఒక లారీ డ్రైవరు ఛాయాచిత్రమును ప్రకటించినది. ఆయన 28 ఏండ్లు సరకుల బండి నడిపెను. ఆ దేశమున డ్రైవరు ఎడమవైపున కూర్చుండును. కిటికీ అద్దము గుండ ఎండ ఎడమ చెంపపైననే పడును. చిత్రములో ఆయన కుడి చెంప వయసుకు తగినట్లున్నది, ఎడమ చెంప మడతలు మడతలుగా వ్రేలాడుచు తండ్రి చెంపవలె నున్నది. అతినీలలోహిత కిరణములలో చర్మమును కాల్చు జాతిని అద్దము ఆపును. లోపలికి దూరి కొల్లాజెన్‌ను కోయు జాతిని చాలవరకు పోనిచ్చును. ఆఫీసులో పడమటి కిటికీ ప్రక్కన కుర్చీ దొరికినదని సంతోషించువారు ఈ బొమ్మను చూడదగును. ఈ దేశమున బండి నడుపువారికి కుడి చెంపకు ఈ గతి పట్టును.

ఆ ఎండను అడ్డుకొన్నచో ఎంత మేలు? ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణమున 1992 నుండి 1996 వరకు ఒక పరీక్ష జరిగినది. 55 ఏండ్ల లోపు వయసు గల 903 మందిలో కొందరికి ప్రతిదినము సన్‌స్క్రీన్ లేపనము పూసికొనుమనిరి. తక్కినవారిని వారి ఇష్టమునకు విడిచిరి. నాలుగున్నర ఏండ్ల పిమ్మట చేతి వెనుకభాగపు చర్మమును అచ్చుతీసి పోల్చి చూడగా, ప్రతిదినము పూసికొన్నవారిలో చర్మపు ముదిమి 24 శాతము తక్కువగా కనబడినది. ఆ ఫలితములు 2013లో ప్రకటింపబడినవి. దీపపు పరీక్షలు నాలుగు వారములో, పదునైదు వారములో. ఇది నాలుగున్నర ఏండ్లు. దీపపు పరీక్షలలో ఇంతకంటె చాల తక్కువమంది. ఇందు వందల మంది. సాక్ష్యము బరువు ఎటువైపున్నదో తూచి చెప్ప నక్కరలేదు. మంగు కలవారికి ఐరన్ ఆక్సైడు కలిపిన, చర్మపు రంగులో నుండు లేపనము శ్రేష్ఠము. అది కనబడు కాంతిని కూడ ఆపును. చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు పొడవునను రెండు చారలు పిండినంత లేపనము ముఖమునకును మెడకును కావలెను. బియ్యపు గింజంత పూసికొని పనిచేయుటలేదనుట న్యాయము కాదు. గొడుగు, నెత్తిపై కొంగు అమ్మమ్మల నాటివే ఐనను నేటికిని పదును తగ్గని ఆయుధములు.

పగలంతయు బస్సుస్టాపు ఎండలో నిలిచి, రాత్రి పది నిమిషములు ఎఱ్ఱదీపము క్రింద కూర్చుండుట చిల్లుకుండలో నీళ్ళు పోయుటయే యగును. కుండకు మాటు వేసిన తరువాత, డబ్బు మిగిలి కోరిక యున్నచో, దీపమును పరీక్షించి చూచుటకు అభ్యంతరము లేదు. అద్దము మాత్రము నమ్మదగిన సాక్షి కాదు. పాతికవేలు పోసి కొన్నవారికి అది ఎప్పుడును అనుకూలముగనే చెప్పును.

మొదట చెప్పిన ఇంటిలో భర్త, నవ్వినందుకు ప్రాయశ్చిత్తముగా కాబోలు, ఒక ఉపాయము చేసెను. కుమార్తె పంపిన మాస్కులో ఎఱ్ఱ దీపములు మాత్రమే యున్నవనియు, కన్నులకు అడ్డు ఉన్నదనియు చూచికొని, కొరియావారు చేసిన పనియే ఇంటిలో చేయదలచెను. దళసరి నల్ల కాగితము కత్తిరించి మాస్కు లోపలివైపున ఒక సగమునకు అంటించెను. కాగితము ప్రభుత్వపుది కాదు, సొంతదే. ఉదయము ఎనిమిది గంటలకు ఒకే కిటికీ ఎదుట, ముఖము కడిగికొని, నవ్వక, మూడు ఛాయాచిత్రములు తీసి దాచెను. వారమునకు ఐదు రాత్రులు, రాత్రికి పది నిమిషములు, పండ్రెండు వారములు. పగటిపూట లేపనము రెండు చెంపలకును సమానమే. గడువు ముగిసిన ఉదయము అదే కిటికీ ఎదుట మరల మూడు చిత్రములు తీసి, పాతవానితో కలిపి బల్లపై పరచెను. తీర్పు చెప్పుటకు పిలిచినది హైదరాబాదు నుండి వచ్చిన వదినగారిని. ఏ చెంపపై దీపము పడినదో ఆమెకు ఎవ్వరును చెప్పలేదు.